పిలుపందే దూరం

“పెద్దాయన అడుగుతాడు, ‘ప్రవీణ ఇల్లు విడిచి పోయిందా?’ అని. నువ్వు ‘పోయింది’ అను. అంతేనమ్మా. తర్వాత నేను చూసుకుంటా.”

సుమంత్ వంటింటి బల్ల మీద నీళ్ళ చెంబు పెట్టి, దానికి ఫోను ఆనించాడు. ఫోను జారింది. మళ్ళీ ఆనించాడు.

శాంత పొయ్యి దగ్గర నిలబడి బియ్యం కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

“అంతే అంటే ఎట్టరా? ఎందుకు పోయిందని అడగరా?”

“అడిగితే నేను చెప్తా.”

“మరి తలుపు సంగతి?”

చెంబు మీద సుమంత్ చెయ్యి ఆగిపోయింది.

“తలుపు సంగతి వాళ్ళకెట్ట తెలుస్తుంది? నువ్వు చెప్తే తప్ప.”

ఆమె కడుగునీళ్ళు వంపేసింది. గురువారం నుంచి తల్లీకొడుకుల్లో ఎవరూ తలుపు మాట ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం సుమంత్ భార్య ప్రవీణ వచ్చింది. రెండు నెలలుగా ఆమె ఈ ఇంట్లో ఉండటం లేదు. జర్మనీలోని ఈ డెగ్గెన్‌డార్ఫ్ ఊళ్ళోనే, డాన్యూబ్ నదికి అవతలి ఒడ్డున ఉన్న వృద్ధుల హోములో ఆమె నర్సు. అక్కడ కరోనా మొదలైన వారమే, “అత్తకు అంటిస్తే నేను బతికుండి లాభం లేదు” అని ఒక సంచి సర్దుకుని, హోము పై అంతస్తులో నర్సులకిచ్చే గదికి మారిపోయింది. వారానికోసారి కూరగాయలు తెచ్చి గుమ్మం బయట పెట్టి, మెట్ల మలుపు దాకా దిగి నిలబడేది. శాంత తలుపు తీసి సంచి అందుకునేది. ఆ దూరం నుంచే అత్తాకోడళ్ళు కాసేపు మాట్లాడుకునేవాళ్ళు. శాంతకు వారమంతా అదే మాట, అదే మనిషి.

గురువారం ఆమెకు స్వెటర్లు కావాల్సివచ్చాయి. అత్తను లోపలి గదిలో ఉండమని ఫోను చేసి చెప్పి, మాస్కు బిగించుకుని వచ్చి, తన తాళంచెవి దూర్చింది. తిరగలేదు. ఈ దేశపు తాళాలు అంతే. లోపలి వైపు ఇంకో చెవి దూర్చి ఉంటే బయటి చెవి కదలదు. లోపల సుమంత్ తాళంచెవి ఉంది.

మళ్ళీ తిప్పింది. బెల్లు కొట్టింది. సుమంత్ నడవలో నిలబడి, గది గుమ్మంలోకి వచ్చిన తల్లికి అరచెయ్యి చూపించాడు, కదలొద్దని.

“సుమంత్, ఉన్నావా?”

అవతల గొంతు ఒక్కసారే అడిగింది. తర్వాత మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు.

ఆ సాయంత్రమే అతను సొంతూరు మల్లెలమిట్టలోని గుడి పెద్దలకు ఫోను చేశాడు. ‘నా భార్య ఇల్లు విడిచి పోయింది, సంఘం తీర్పు చెప్పాలి’ అని.

“ఇంత చదువు చదివి, ఇంత పెద్ద కంపెనీలో పనిచేస్తా, మల్లెలమిట్ట గుడి మెట్ల మీదికి ఎక్కినావు,” అంది శాంత. “ఈ ఊళ్ళో కోర్టులు లేవా?”

“కోర్టుకు పోతే విడాకులు. నాకు విడాకులు వద్దు.”

“మరేం కావాల?”

“రావాల. ఆ ఉద్యోగం మానేసి ఇంటికి రావాల. నేను చెప్తే వినదు. వాళ్ళ నాన్న చెప్తే వినదు. సంఘం చెప్తే వింటది.”

“వినకపోతే?”

సుమంత్ జారుతున్న ఫోనును మళ్ళీ చెంబుకు ఆనించాడు.

“వినకపోతే పేరు కొట్టేస్తార్రా. పేరు కొట్టేసిన మనిషి ఆ గడప మళ్ళీ తొక్కకూడదు. నీకది వట్టి మాట. నేను కళ్ళారా చూసినా.”

“అంతదాకా రాదులేమ్మా. భయపడి వచ్చేస్తది.”

“ప్రవీణా? భయపడతదా?”

మల్లెలమిట్ట నాయుడుపేట దాటి లోపలికి పోతే వస్తుంది. మిట్ట మీద క్రీస్తు గుడి, గుడి చుట్టూ నాలుగు వీధులు. శాంత తాతల కాలంలో జర్మనీలోని ఏదో పల్లె నుంచి వచ్చిన ఒక మిషను దొర దాన్ని కట్టించాడు. వీధికొక పెద్దను నిలబెట్టాడు. పుట్టినా, చచ్చినా, పెళ్ళాడినా గుడిలోనే రాయించుకోవాలి. బావి దగ్గర వంతులు, పక్కవాడి చేలో పడిన గొడ్డుకు జరిమానా, పిల్లను బడికి పంపని తండ్రికి చీవాట్లు, సమాధుల దొడ్డిలో ఎవరికెక్కడ చోటు, అన్నీ ఆ నలుగురే తేల్చేవాళ్ళు. తాలూకా కచ్చేరి జవాను కూడా ముందు గుడి మెట్ల దగ్గర ఆగి, పెద్దలతో మాట్లాడాకే వీధిలోకి పోయేవాడని శాంత నాయనమ్మ చెప్పేది.

పన్ను కూడా ఉండేది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు పిడికెడు తీసి గుడికని పక్కన పెట్టాలి. ఆ పిడికెడు ఎవరి చేతి మీదుగా పడితే ఆ ఇల్లు ఆమెది. మగవాడు ఎంత సంపాదించినా సంఘం లెక్కలో ఇల్లు ఆ చేతిదే. ఆమె ఇంట్లో లేని రోజుల్లో ఇంకొకరు ఆమె పేరున తీసిపెట్టినా ఆ ఇల్లు ఆమెదే.

దొరలు పోయారు. పంచాయితీ ఆఫీసు వచ్చింది, ఓట్లు వచ్చాయి. అయినా మిట్ట మీద ఇంట్లో గొడవ వస్తే జనం ముందు ఎక్కేది గుడి మెట్లే.

కిందటి చలికాలం ఈ దేశానికి చుట్టపుచూపుగా వచ్చిన కొత్తలో, ఆ దొర పుట్టిన దేశం గదా, ఇక్కడ ఊరూరా గుడి మెట్ల మీద నలుగురు పెద్దలు కూర్చుని ఉంటారని శాంత అనుకుంది. కింది అంతస్తులో ఉండే జర్మను ముసలామె ఫ్రావు హూబర్‌ను ప్రవీణ చేత అడిగించింది కూడా. ఆమె చాలాసేపు ఆలోచించి, “మా ముత్తాతల నాడు ఉండేదేమో” అందట. విత్తనం ఇచ్చినవాళ్ళ దొడ్లో మొక్క లేదు. తర్వాత విమానాలు ఆగిపోయాయి, శాంత ఇక్కడే ఉండిపోయింది.

ఇల్లు విడిచిన తగాదాకు మిట్ట మీద ఒక పద్ధతి ఉంది. నింద పడ్డ మనిషి లోపలికి రాకూడదు, దూరం పోకూడదు. గడప అవతల, పిలుపందే దూరంలో నిలబడాలి. తన తరఫున తాను మాట్లాడకూడదు. ఆ ఇంట్లో పెద్ద వయసు మనిషే సాక్ష్యం. చివర్న పెద్దలు మూడుసార్లు పేరు పిలుస్తారు. సాక్ష్యం ఆమె వైపు ఉండి, ఆమె పలికితే, ఆ ఇంటి మనిషి. సాక్ష్యం ఎదురైతే పలికి తప్పు ఒప్పుకోవాలి. లేదంటే పేరు కొట్టేస్తారు.

శాంత అక్క కరుణ పలకలేదు.

అప్పటికి శాంత చిన్నపిల్ల. పిట్టగోడ మీద గడ్డం ఆనించి చూస్తోంది. కరుణ మధ్యాహ్నమంతా అత్తింటి ముందు ఎండలో నిలబడింది. లోపల పెద్దలు మాట్లాడుతూనే ఉన్నారు. కరుణ అత్త ఒకసారి గడప దాకా వచ్చింది. కోడలి వైపు చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని లోపలికి పోయింది. ఆ నోరు మూసుకోవడం కరుణ కూడా చూసింది. పేరు పిలిచే వేళకు ఇంటి ముందు ఎవరూ లేరు, రోడ్డు మీద బస్సు లేపిన దుమ్ము తప్ప.

ఆ తర్వాత కరుణ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

ఇవాళ గడప లోపల నిలబడాల్సిన అత్త శాంతే.

ఫోను మోగింది.

ముందు ఒక నుదురు కనిపించింది, ముడతలతో, పైన తెల్లటి కుచ్చు జుట్టుతో. సంఘం పెద్ద జ్ఞానయ్య నుదురు అది.

“అన్నా, కిందికి పెట్టు, నీ నుదురు తప్ప ఏం కనపడటంలేదు వాళ్ళకి,” అంటూ ఇంకో చెయ్యి ఫోను లాక్కుంది. సువార్తమ్మ ముఖం వచ్చింది. తూర్పు వీధి పెద్ద ఆమె. వెనక బెంచీ మీద మిగతా ఇద్దరు పెద్దలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకు కూర్చున్నట్టు.

“సుమంతూ, బాగుండావా? ఏందిరా కిటికీలో అంతా తెల్లగా ఉండాది? సున్నం కొట్టించారా?”

“మంచు పిన్నమ్మా.”

“అమ్మో, ఎట్ట బతుకుతుండారురా దాంట్లో!”

“సువార్తా, ఆ ముచ్చట తర్వాత,” అంది జ్ఞానయ్య గొంతు. “ప్రవీణ యాడ?”

తెరలో ఇంకో గడి వెలిగింది. ఉన్ని టోపీ, ముక్కు మీదికి మాస్కు, కళ్ళు మాత్రం. వెనక నల్లటి చెక్కగోడ.

“ఇక్కడే ఉన్నా తాతా. పిలుపందే దూరంలో.”

జ్ఞానయ్య నవ్వాడు. “ఫోన్లు వచ్చినాక లోకమంతా పిలుపు దూరమేలేమ్మా. పద్ధతి తెలుసుగదా నీకు?”

“తెలుసు తాతా. అత్త చెప్పిందే నా మాట.”

ఆమె నోటి దగ్గర మాస్కు ఉబ్బుతూ, లోపలికి పోతూ కనిపించింది. శాంత ఆ గడి వైపే చూస్తోంది. రెండు నెలలుగా ఆ ముఖం కింది సగం చూడలేదు.

“సుమంతూ, నీ ఫిర్యాదు చెప్పు.”

సుమంత్ ముందే అనుకుని పెట్టుకున్న మాటలు చెప్పాడు. భార్య తన మాట కాదని పరాయిచోట ఉంటోందని, చెప్పినా ఉద్యోగం మానలేదని, ఇంట్లో పెద్దావిడ ఉన్నా పట్టించుకోలేదని. ప్రవీణ కళ్ళు కదలలేదు. చెప్తూ చెప్తూ ఒకచోట అతని గొంతు దారి తప్పింది.

“రెండు నెలలు తాతా. ఆ గది, నేను, కంప్యూటరు. మా ఆఫీసు యాడో ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్ళో ఉంది, జబ్బు వచ్చినాక పోయేది లేదు. మా అమ్మ నాతో మాట్లాడేది తక్కువ, ప్రవీణతో మాట్లాడేది ఎక్కువ. ఆ హోములో ఎవరెవరో ముసలోళ్ళు పోతుంటే ఈమె వాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చుంటది. మంచిదే. నా పక్కన ఎవరు కూర్చుంటారు?”

బెంచీ మీది పెద్దల్లో ఒకాయన దగ్గాడు. సువార్తమ్మ “అయ్యో నాయనా” అంది. ప్రవీణ తల వంచుకుంది.

శాంతకు కొడుకు మీద జాలి వేసింది. వాడు అబద్ధం చెప్పలేదు. తలుపు ఒక్కటి తప్ప అంతా నిజమే చెప్పాడు.

“శాంతమ్మా, లేచి నిలబడు.”

ఆమె లేచింది.

“శాంతమ్మ తలకాయ పోయింది,” అంది సువార్తమ్మ. “బొత్తాలు కనపడుతుండాయి.”

సుమంత్ ఫోను వాలు సర్దాడు. వేలు తెర అంచు మీదే ఉంచాడు.

“ఇంటి పెద్దగా చెప్పు. ప్రవీణ ఇల్లు విడిచి పోయిందా?”

ఈ దేశంలో ఆమెకున్నది ఇద్దరే. తలుపు సంగతి చెప్తే ఒకరు పోతారు, చెప్పకపోతే ఇంకొకరు పోతారు. వీడు కన్నకొడుకు. రేపు పొద్దున ఇదే వంటింట్లో ఇదే బల్ల దగ్గర వీడి ఎదురుగా కూర్చోవాలి.

“పోయింది,” అంది.

సుమంత్ గుండెల్లోంచి గాలి బయటికి వచ్చిన చప్పుడు వినిపించింది.

“పోయింది నాకోసం. నా వయసుకు ఆ జబ్బు తగిలితే ఆగదని పోయింది. వారం వారం వచ్చి మెట్ల మలుపులో నిలబడింది. మొన్న గురువారం వస్తే, లోపల తాళంచెవి...”

“శాంతమ్మా, ఇనపడటంలేదు,” అన్నాడు జ్ఞానయ్య. “నోరు కదులుతుండాది, మాట రావటంలేదు.”

సుమంత్ వేలు తెర మీద ఉంది. మైకు బొమ్మ మీద అడ్డగీత పడి ఉంది.

“తియ్యరా,” అంది శాంత.

అతను తీశాడు, తను మాట్లాడటానికి. “నెట్‌వర్కు తాతా. చెప్పింది గదా, పోయిందని. విన్నారు గదా?”

“ఇన్నాం. ఆ తర్వాత ఏమనింది?”

“అదే. ఏడుస్తా ఉంది.” మళ్ళీ నొక్కేశాడు.

“సుమంతూ!”

“ఇంక చాలమ్మా. నీకు దణ్ణం పెడతా. వాళ్ళు పిలుస్తారు, అది వస్తా అంటది, అయిపోతది.”

ఫోన్లో పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జ్ఞానయ్య కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. “సరే. సాక్ష్యం పడింది. ఎదురుగా పడింది. ఇంక పేరు పిలిచేదే.”

ప్రవీణ తల పైకెత్తింది. అలా ఎత్తడంలో ఫోను కొంచెం పక్కకు తిరిగి, ఆమె భుజం వెనక ఏదో పచ్చగా కనిపించింది. సైకిలు బుట్ట. పచ్చరంగు అల్లిక, ఒక పక్క విరిగి, తాడుతో కట్టి ఉంది.

ఆ తాడు కట్టింది శాంతే. వేసవిలో, ఫ్రావు హూబర్ కోసం.

అది హోము గది కాదు. ఈ ఇంటి పెరట్లో, వంటింటి కిటికీ కింద, సైకిళ్ళు పెట్టుకునే, కప్పు లేని చెక్కకొట్టం. పెద్దలు కూర్చున్నంతసేపూ గడప అవతల నిలబడాలి గనక నిలబడింది. ఫోను ఉన్నా సరే, మంచులో, పద్ధతి ప్రకారం.

శాంత కిటికీ దగ్గరికి నడిచింది. పిడి తిప్పింది. చలి ఒక్కసారిగా లోపలికి వచ్చి పొయ్యి మీది ఆవిరిని చెదరగొట్టింది.

“అమ్మా, ఏం చేస్తున్నావు?”

“ప్రవీణా!”

కింద టోపీ పెట్టుకున్న తల పైకి లేచింది. వెనక, బల్ల మీది ఫోన్లోంచి శాంతకు తన గొంతే వినిపించింది, ఒక క్షణం ఆలస్యంగా, “ప్రవీణా” అని.

“ఎవురు పిలిచింది?” అన్నాడు జ్ఞానయ్య. “నేనింకా పిలవలేదే.”

“నేనే పిలిచినా జ్ఞానయ్యన్నా!” శాంత కిటికీ చట్రం పట్టుకుని కిందికి అరిచింది. “ఆ పిల్ల ఫోన్లో ఇను! మా ఇంట్లో ఫోను నోరు మూసింది నా కొడుకు! మొన్న గురువారం ఈ పిల్ల స్వెటర్లకోసం ఇంటికొచ్చింది! తాళంచెవి దూర్చింది! లోపల చెవి పెట్టి ఉంచి తిరక్కుండా చేసినాడు సుమంతు! బెల్లు కొడితే తియ్యలేదు! నన్ను తియ్యనీలేదు!”

కింది అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఫ్రావు హూబర్ తెల్లటి తల బయటికి వచ్చింది.

“రూహె! గోల ఆపండి! ఆదివారం ఇవాళ!”

ప్రవీణ జర్మనులో ఏదో చెప్పింది. ఫ్రావు హూబర్ మెడ తిప్పి పైకి, శాంత వైపు చూసింది. కిటికీ మూసుకోలేదు. మోచేతులు ఆనించుకుని వింటూ నిలబడింది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

“అమ్మా, లోపలికి రా! జనం చూస్తున్నారు!” సుమంత్ ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. అంత బలం తనలో ఉందని ఆమెకే తెలియదు.

కింద ప్రవీణ ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింది. తలెత్తి అడిగింది.

“అత్తా, తాత అడుగుతున్నారు. పిడికెడు ఎవరి పేరున పడుతోందని.”

“నీ పేరునే! ఒక్క పూట తప్పలేదు! ఇప్పుడు కూడా తీసిపెట్టినా, పొయ్యి పక్కన ఉండాది!”

సుమంత్ వెనక్కి తిరిగి చూశాడు. పొయ్యి పక్కన, క్రిస్మస్ బిస్కెట్లు వచ్చిన ఎర్రటి రేకుడబ్బా. అది ఎప్పుడూ అక్కడే ఉంది. మూత తీశాడు. సగానికి పైగా బియ్యం.

“ఏందమ్మా ఇది?”

“ఈ ఇల్లు,” అంది శాంత.

మల్లెలమిట్టలో పెద్దలు ఆట్టే సేపు మాట్లాడుకోలేదు. జ్ఞానయ్య గొంతు పైనా కిందా రెండు ఫోన్లలోంచీ వచ్చింది, ఒకదాని వెనక ఒకటి.

“పిడికెడు పడుతున్నంతకాలం ప్రవీణ ఇల్లు విడవలేదు. తలుపు మూసినోడే ఇల్లు విడిచినోడు. సుమంతూ, నీకు బల్ల లేదు. నీ చేత్తో నువ్వు తలుపు తీసి, పేరు పెట్టి పిలుచుకునిందాకా ప్రభువు బల్ల దగ్గరికి రాబాక.”

సుమంత్ మైకు తీశాడు. నవ్వబోయాడు.

“ఏ బల్ల తాతా? ఇక్కడి గుడిలో బల్ల ఎత్తేసి ఏడాది కావస్తోంది. రొట్టె లేదు, రసం లేదు. పాట కూడా పాడనివ్వరు.”

“అది జబ్బు ఆపింది నాయనా. ఇది మేము ఆపినాం.”

నవ్వబోయిన ముఖం అలాగే ఉండిపోయింది.

“ప్రవీణా, పైకి పో తల్లీ,” అంది సువార్తమ్మ. “చలిలో ఎంతసేపు?”

“పోను పిన్నమ్మా. టీకా రెండో సూది పడిందాకా పోను. నిన్న కూడా ఒకామె నా చేతుల్లోనే పోయింది. ఆ చేతుల్తో అత్త దగ్గరికి ఎట్టపోను? నాకు ఇల్లుందని చెప్పారు. అది చాలు. ఇల్లుంటే బయట ఎన్నాళ్ళయినా ఉండొచ్చు.”

సుమంత్ ఫోను బోర్లా పెట్టేశాడు.

కిటికీ ఇంకా తెరిచే ఉంది. శాంత మూసింది. కిందికి చూసే ధైర్యం లేకపోయింది. కోడలి పేరు నిలబెట్టాలనే అరిచింది. దెబ్బ కొడుకు మీద పడుతుందని ఆ ఊపులో తోచలేదు. బల్ల లేని మనిషి ఎట్ట ఉంటాడో ఆమెకు తెలుసు. నలుగురిలో నిలబడినా వాడి చుట్టూ ఖాళీ ఉంటుంది.

“చల్లగా ఉందా ఇప్పుడు?” అన్నాడు సుమంత్.

“లేదురా.”

“ఊరంతా వినేట్టు అరిచావు. నేను దొంగనన్నట్టు.”

“నువ్వు నా నోరు మూసినావు.”

“అది తిరిగి రావాలనే గదమ్మా! తలుపు మూసింది కూడా అందుకే. తాళం తిరక్కపోతే ఏడుస్తదనుకున్నా. గట్టిగా తలుపు కొడతదనుకున్నా. తియ్యి అని అరుస్తదనుకున్నా. ఒక్కసారి పిలిచి పోయింది. ఒక్కసారి!”

శాంతకు కరుణ గుర్తొచ్చింది. కరుణ కూడా ఒక్కసారే గడప వైపు చూసింది.

“కొందరు రెండోసారి పిలవరు నాయనా. పిలవనంత మాత్రాన వాళ్ళకు లోపలికి రావాలని లేదని కాదు.”

అతను వినలేదు. నడవలోకి పోయి బూట్లు తొడుక్కున్నాడు. కోటు వేసుకున్నాడు. తలుపుకు వేలాడుతున్న తాళంచెవి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“యాడికిరా? అన్నం ఉడికింది.”

“ఇల్లు విడిచినోణ్ణి గదా. విడుస్తున్నా.”

“సుమంతూ!”

తలుపు అతని వెనక మూసుకుంది. మెట్ల మీద అడుగులు, మొదట వేగంగా, తర్వాత మెల్లగా, తర్వాత ఆగి.

చెప్పుల స్టాండు మీద తాళంచెవి ఉంది. పెట్టేసి పోయాడు. ఈ ఇంటి తలుపు మూసుకుంటే బయటినుంచి చెవి లేకుండా తెరుచుకోదు. ప్రవీణ చెవి ఆమె దగ్గర ఉంది, కానీ ఆమె రానంది. వీడు చెవి లేకుండా పోయాడు.

శాంత పరుగున కిటికీ దగ్గరికి వచ్చింది. సైకిళ్ళ కొట్టంలో ఎవరూ లేరు. పచ్చ బుట్ట మీద మంచు పడుతోంది. కొట్టం నుంచి మంచులో అడుగుజాడలు ఇంటి ముందువైపు మలుపు తిరిగాయి. ఆ మలుపు అవతల వీధి తలుపు ఉంది. అది ఈ కిటికీలోంచి కనపడదు. ఫ్రావు హూబర్ ఇంకా తన కిటికీలోనే ఉంది. ఆమెకు కనపడుతుందేమో, ఆ వైపే చూస్తోంది.

“ఫ్రావు హూబర్!” అని పిలిచింది శాంత. ఆపైన ఏమని అడగాలో భాష లేదు.

ఫ్రావు హూబర్ పైకి చూసింది. చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి ఏం చెప్తోందో శాంతకు తెలియలేదు.

బెల్లు మోగింది.

కింద వీధి తలుపు దగ్గరున్నవాళ్ళతో మాట్లాడేందుకు నడవ గోడకున్న ఫోను తీసి చెవికి ఆనించుకుంది.

“ఎవరూ?”

ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“ప్రవీణా? సుమంతూ?”

చలిలో నిలబడ్డవాళ్ళ ఊపిరి మాత్రం వినిపించింది. ఒకరిదో, ఇద్దరిదో. శాంత తలుపు తెరిచే మీట మీద వేలు పెట్టి, ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుని, మూడోసారి పిలవడానికి నోరు తెరిచింది.